గండిలో మంచు కరిగేదాకా

బ్రెమెన్,
జనవరి 9, 1985

ప్రియమైన బుర్గీ,

నువ్వు పంపిన పొగబెట్టిన పంది మాంసం అందింది. పొట్లం విప్పకముందే మెట్లన్నీ ఆ వాసనే. పై అంతస్తు ముసలావిడ దిగివచ్చి, మీ ఇంట్లో ఏమైనా కాలుతోందా అని అడిగింది. ఒక ముక్క చేతిలో పెట్టాక మాత్రం కిక్కురుమనలేదు.

మా హార్ట్‌విగ్ ఈ ఏడు మీ కొండలకు రానంటాడేమో అనుకున్నాను. అతను పనిచేసే ఓడల యార్డు సంగతి నీకు తెలిసిందే. మార్చితో మూసేస్తారట. జీవితమంతా ఓడల ఇంజన్ గదుల్లో గడిపిన మనిషి, ఇప్పుడు వంటింట్లో నా వెనకాల నిలబడి గరిటె ఎలా తిప్పాలో చెబుతున్నాడు. నవ్వుతూ రాస్తున్నాను గానీ ఇంట్లో నవ్వులాటగా లేదు. నిద్ర పోవడం లేదు. ఏమిటని అడిగితే గోడకేసి తిరుగుతాడు. మొన్న ఆదివారం మాత్రం అటక మీంచి మంచు మీద జారే స్కీలు దింపి, వాటికి మైనం రాస్తూ కూర్చున్నాడు. ఈల కూడా వేశాడు. ఎన్నాళ్ళకో విన్నాను ఆ ఈల.

అందుకే పంపిస్తున్నాను. నాలుగు మంచి రోజులు ఇవ్వమని మీ ఆయనతో చెప్పు, కొండల్లో హార్ట్‌విగ్‌కి గైడంటే కాసియనే. జెండాలు పాతిన దారుల్లో జనంతో కలిసి కాదు, ఎవరూ తొక్కని మంచులో, వాళ్ళిద్దరికీ అలవాటైన చోట. అక్కడ ఉన్నప్పుడే హార్ట్‌విగ్ మళ్ళీ మనిషవుతాడు. కాస్త పట్టి ఉంచమని కూడా చెప్పు. మంచు కనబడితే తన వయసు మరిచిపోతాడు.

చిన్నారి వ్రోనికి ముద్దులు. మీ మామగారికి నా నమస్కారాలు.

నీ డోర్టే

ఒబర్‌కార్, టిరోల్,
జనవరి 22

డోర్టే,

నీ ఉత్తరం కాసియన్‌కి చదివి వినిపించాను. "గరిటె తిప్పడం వచ్చిన ఇంజనీరైతే మన అతిథిగృహం వంటింట్లోనే పని ఇప్పిద్దాం. నువ్వు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోవచ్చు" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, "నాలుగు రోజులెందుకు, వారం ఉండమని రాయి. ఒట్టి చేతులతో ఇంట్లో కూర్చోబెడితే అతను పాడైపోతాడు" అన్నాడు. ఇన్నేళ్ళ శీతాకాలాల్లో వాళ్ళిద్దరూ కలిసి పట్టుమని పది మాటలు మాట్లాడుకున్నట్టు నేను చూడలేదు. అయినా హార్ట్‌విగ్ బస్సు దిగే రోజున కాసియన్ గడ్డం గీసుకుంటాడు. మా పెళ్ళిరోజుకి కూడా గీసుకోడు.

పొయ్యి పక్క గది ఉంచాను. ఆగ్స్‌బుర్గ్ నుంచి మందుల షాపు ఒట్టోకార్ కూడా అదే వారం వస్తున్నాడు. ముగ్గురూ కలిసి వెళతారు. మా మామయ్య రోమెడ్ మాత్రం రోజూ కిటికీ దగ్గర కూర్చుని సణుగుతున్నాడు. ఈ ఏడు అడుగున ఉన్న మంచు పంచదారలా పొడిపొడిగా రాలుతోందట, పైన గాలికి పలకలా బిగిసిందట. ఆయన గైడుగా చేసినన్నాళ్ళూ ప్రతి ఏడూ ఇదే అన్నాడని కాసియన్ ఎగతాళి చేస్తాడు. చేస్తూనే వెళ్ళి గొయ్యి తవ్వి, మంచు పొరలు చూసి వస్తాడు.

హార్ట్‌విగ్ చెప్పులు నిరుడు ఇక్కడే మరిచిపోయాడు. తేవద్దని చెప్పు.

నీ బుర్గీ

ఒబర్‌కార్,
ఫిబ్రవరి 25

డోర్టే,

నీకు ఫోను చేసి చెప్పింది పోలీసు. నేను చెప్పవలసింది. ఫోను చేతిలోకి తీసుకున్నాను గానీ నెంబరు తిప్పలేకపోయాను.

నాకు తెలిసింది రాస్తున్నాను. మంగళవారం పొద్దున ముగ్గురూ ఎద్దుమూపు గట్టు ఎక్కారు. గట్టుకి అవతల వాలు విరిగింది. కాసియన్, హార్ట్‌విగ్ ఆ మంచుతో పాటు కింద నల్లగండి లోయలోకి పోయారు. ఒట్టోకార్ గట్టు మీదే ఉండిపోయాడు, ఎక్కిన దారినే ఒక్కడూ దిగివచ్చి కబురు చెప్పాడు. అప్పటికే గాలి లేచింది. హెలికాప్టర్ ఎగరలేదు. వెతికేవాళ్ళ మీద ఇంకో మంచుచరియ పడుతుందని మూడో రోజు దాకా ఎవరినీ గండిలోకి పంపలేదు. మామయ్య వెళ్ళబోతే నలుగురు పట్టుకొని కూర్చోబెట్టారు.

ఇద్దరి ఛాతీకీ సంకేతం పంపే పెట్టెలు కట్టి ఉన్నాయి. కానీ గండి నిండిపోయింది. ఇళ్ళ మీద ఇళ్ళు పేర్చినంత లోతు. పైన నిలబడి వింటే ఆ సంకేతమేదీ వినిపించలేదట. ఇనుప చువ్వలు గుచ్చితే అడుగు తగలడం లేదు. ఆ పెట్టెల్లో బ్యాటరీలు కూడా ఇక అయిపోతాయి. ఇది నీకు ఎవరూ చెప్పి ఉండరు. వెతికేవాళ్ళు ఇంకా ఆ సంకేతం కోసం వింటున్నారనే నువ్వు అనుకుంటూ కూర్చోకూడదని రాస్తున్నాను.

వసంతం దాకా ఆగాలంటున్నారు.

రావాలనుకుంటే రా. మంచం వేసే ఉంది.

బుర్గీ

బ్రెమెన్,
మార్చి 18

శ్రీమతి వాల్బుర్గా గారికి,

విచారణ నివేదిక నకలు నాకు అందింది. మీకూ అంది ఉంటుంది. "గాలి పేర్చిన మంచు ఉన్న వాలు మీదికి అతిథిని దించడం గైడు చేసిన పొరపాటు" అని రాశారు. ఆ వాక్యం ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు.

పట్టి ఉంచమని నేను మీకు రాశాను. మనిషి మనసు బాగాలేదని కూడా రాశాను. అలాంటి మనిషిని అలాంటి వాలు మీదికి తీసుకువెళ్ళేదెవరు? తెలియని చోట తెలిసినవాడు ఒకడు వద్దని చెప్పాలనే కదా గైడుని పెట్టుకునేది. మీ భర్త వద్దనలేదు.

మీరూ పోగొట్టుకున్నారని తెలుసు. తెలిసినా ఈ మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను. అతని సామాను రైల్లో పంపించండి. చెప్పులు అక్కర్లేదు.

డోరటేయా

ఒబర్‌కార్,
మార్చి 31

డోర్టే,

నన్ను 'మీరు' అన్నావు. నేను నిన్ను అలా అనలేను, నోరు తిరగదు. నువ్వు అనాలనుకుంటే అను.

నివేదిక నేనూ చదివాను. దానికి ఎదురు చెప్పను. మామయ్య మాత్రం చదివి పొయ్యిలో పెట్టేశాడు. "వాడు అట్లాంటి చోట మనిషిని దింపడు. నేను నేర్పినోణ్ణి" అన్నాడు, అంతే. అప్పటినుంచి ఊళ్ళో సారాయి కొట్టు వైపు వెళ్ళడం మానేశాడు. అక్కడ ఆయన కుర్చీలో కూర్చోవడానికి ఇంకా ఎవరికీ ధైర్యం చాలలేదట గానీ, ఆయన వస్తాడని కూడా ఎవరూ ఎదురుచూడటం లేదు. పొద్దున్నే ఎక్కేటప్పుడు జారకుండా స్కీల అడుగున తోలుపట్టీలు కట్టుకొని గండికి పోతాడు. చువ్వతో గుచ్చుతూ సాయంత్రం దాకా అక్కడే. ఆ వయసులో వద్దంటే వినడు. నేనూ గట్టిగా అనడం లేదు.

వ్రోనితో బడిలో ఒక పిల్ల, "మీ నాన్న అతిథిని చంపాడంట కదా" అందట. వ్రోని ఇంటికొచ్చి నాతో చెప్పలేదు. టీచరు చెప్పింది. ఆ రోజు నుంచి అన్నం కంచంలో కెలికి వదిలేస్తోంది.

ఒట్టోకార్ తన సామాను కోసం వచ్చి వెళ్ళాడు. వంటింట్లో కాసేపు కూర్చున్నాడు. హార్ట్‌విగ్ సామాను నిన్న రైల్లో వేశాను. మడతలు నేను పెట్టినవి కావు, అతను పెట్టుకున్నవే.

రాయడానికి ఇంకేమీ లేదు.

బుర్గీ

బ్రెమెన్,
మే 6

శ్రీమతి వాల్బుర్గా గారికి,

ఇక్కడ చెట్లు చిగుర్లు వేశాయి. కింద అంగడిలో అమ్మాయి పొద్దున నాతో, "ఎండలొచ్చాయి, సంతోషంగా లేదా అండీ" అంది. ఉందన్నాను.

మీ దగ్గర మంచు ఎంత పోయింది? ఎవరినైనా అడుగుదామంటే నాకు తెలిసినవాళ్ళు మీరొక్కరే. సమాధికి చోటు కొన్నాను. ఖాళీ నేల ముందు నిలబడి ఏం చేయాలో తెలియక తిరిగి వస్తున్నాను.

డోరటేయా

ఒబర్‌కార్,
మే 19

డోర్టే,

ఊళ్ళో మంచు లేదు. ఆవులను బయటికి వదిలారు. గండిలో మాత్రం అలాగే ఉంది. ఎండ అందులోకి మధ్యాహ్నం కాసేపే దిగుతుంది. పైన మట్టి, విరిగిన కొమ్మలు, రాళ్ళు తేలి నల్లగా అయింది. అడుగున వాగు మంచును తొలుస్తోంది, పైన నిలబడితే ఆ చప్పుడు వినిపిస్తుంది. ఇప్పుడు దాని మీద నడవడం మరీ ప్రమాదం, ఎక్కడ కూలుతుందో తెలియదు. మామయ్య నడుస్తూనే ఉన్నాడు.

నేనూ ఆదివారాలు వెళుతున్నాను. వెంట తీసుకెళ్ళిన రొట్టె ఎప్పుడూ తిరిగి తెచ్చేస్తాను. వ్రోని వస్తానంటే వద్దన్నాను. అడుగున ముందు ఏం బయటపడుతుందో చెప్పలేం. ఒక స్కీ దొరికింది. హార్ట్‌విగ్‌ది. కడిగి కొట్టంలో పెట్టాను.

నువ్వు ఎప్పుడైనా అడగొచ్చు. రాస్తాను.

బుర్గీ

బ్రెమెన్,
జూన్ 8

బుర్గీ,

ఒట్టోకార్ వచ్చాడు. ఆగ్స్‌బుర్గ్ నుంచి ఇంత దూరం రైల్లో వచ్చి, కోటు కూడా విప్పకుండా కూర్చుని మొత్తం చెప్పాడు.

కాసియన్ గట్టు మీద గొయ్యి తవ్వి చూశాడట. వద్దు, వెనక్కి పోదాం అన్నాడట. ఒట్టోకార్ అప్పటికే స్కీలు తిప్పుకుంటున్నాడు. హార్ట్‌విగ్ కిందికి చూస్తూ నిలబడి, "ఎంత బాగుందో చూడు, కాసియన్" అన్నాడట. అంతే, వాలులోకి జారిపోయాడు. సగం దూరం వెళ్ళేసరికి అతని పైన మంచు అడ్డంగా చీలింది. చీలి, అలాగే నిలిచింది. హార్ట్‌విగ్ ఆగిపోయాడు. పైకి తిరిగి ఒక చెయ్యి ఎత్తాడట. రమ్మనో, రావద్దనో ఒట్టోకార్‌కి తెలియలేదు. కాసియన్ తన భుజం మీది తాడు తీసి ఒట్టోకార్ చేతికిచ్చి, "నువ్వు కదలకు. నేను పోయి ఆ బండ మీదికి లాక్కొస్తా" అని అంచు వెంట దిగాడట. దగ్గరికి చేరబోతుండగా వాలు మొత్తం వెళ్ళిపోయింది.

ఇదంతా నీకు మార్చిలోనే చెప్పాడట. ఆ తర్వాత నువ్వు నాకు రెండు ఉత్తరాలు రాశావు. ఒక్క ముక్క రాయలేదు. నేను నీ భర్తని అన్నన్ని మాటలన్నాను. పడ్డావు. ఎందుకు బుర్గీ?

ఇరవై ఏడేళ్ళు అతనితో కాపురం చేశాను. ఆ ఎత్తిన చెయ్యికి నేను అర్థం చెప్పలేను. మంచును చూసి మైమరచి వెళ్ళాడా, ఇక చాలనుకొని వెళ్ళాడా? కళ్ళు మూసుకుంటే ఆ చెయ్యే.

డోర్టే

ఒబర్‌కార్,
జూన్ 17

డోర్టే,

మార్చిలోనే చెప్పాడు, నిజమే. టోపీ చేతుల్లో నలుపుకుంటూ చెప్పాడు. చచ్చిపోయిన స్నేహితుడి మీద చెప్పలేక, గాలికి ఏమీ కనబడలేదని విచారణలో అన్నాడట. "ఇప్పుడైనా పోయి చెప్పమంటే చెబుతా బుర్గీ, నీ మాటే" అన్నాడు. వద్దన్నాను.

నన్ను మంచిదాన్ని చేయకు. నీ కోసం దాచలేదు. మొదట నేనూ అలాగే అనుకున్నాను, నిన్ను కాపాడుతున్నాననుకున్నాను. కాదు. కాసియన్ పొరపాటు చేసి పోయాడంటే నేను భరించగలను. పొరపాటు ఎవరైనా చేస్తారు. కానీ అతనికి అంతా తెలుసు. గొయ్యి తవ్వి చూశాడు. చీలిక కళ్ళ ముందు ఉంది. తాడు తీసి ఇచ్చేంత తీరిక ఉంది. ఆ కాసేపట్లో నేనూ వ్రోనీ గుర్తొచ్చి ఉంటామా? గుర్తొచ్చాక కూడా దిగాడా? ఈ రెండింటిలో ఏది నిజమైనా నాకు నచ్చదు. అందుకని నివేదికే నాకు బాగుంది. అది చదువుకున్నంతసేపు కాసియన్ ఇంటికి రాబోతూ పొరపాటున పోయినవాడు.

ఇంకొకటి. నేను చెబితే నువ్వు నన్ను క్షమించమంటావు. అప్పుడు నేను హార్ట్‌విగ్‌ని క్షమించాలి. అది నాకు చేతకాదు. ఇప్పటికీ చేతకావడం లేదు. అతని చెప్పులు చూస్తే పొయ్యిలో వేయాలనిపిస్తుంది, వేయలేను.

ఒట్టోకార్ నీ దగ్గరికి బయలుదేరే ముందు ఇక్కడికి వచ్చాడు. మామయ్యకు కూడా చెప్పేశాడు. మామయ్య అరవలేదు. "నా కొడుకు పేరు ఇన్నాళ్ళు బురదలో పడుంటే, నువ్వు పక్కన నిలబడి చూశావు" అన్నాడు. దుప్పటీ, చువ్వ తీసుకొని పైన పశువుల పాకకు వెళ్ళిపోయాడు. అక్కడే ఉంటున్నాడు. పాలు తీసుకెళితే తలుపు తీయడు. గిన్నె గడప మీద పెట్టి వస్తున్నాను. మర్నాడు అది ఖాళీగా ఉంటే నాకు ఊపిరి వస్తుంది.

బుర్గీ

ఒబర్‌కార్,
జూలై 3

డోర్టే,

హార్ట్‌విగ్ దొరికాడు. నిన్న మధ్యాహ్నం, గండి మొదట్లో, బండ కింద. మామయ్యే చూశాడు. పాలు మోసే పిల్లవాడితో కబురంపాడు, తను దిగి రాలేదు.

కాసియన్ అక్కడ లేడు. చుట్టూ తవ్వారు.

నువ్వు వస్తావని చర్చి పక్క గదిలో ఉంచాం. నిదానంగా రా. తొందరేమీ లేదు.

బుర్గీ

బ్రెమెన్,
ఆగస్టు 11

బుర్గీ,

వానలో పూడ్చాం. యార్డు వాళ్ళు చాలామంది వచ్చారు, అందరూ ఇప్పుడు ఖాళీయే. నేను ఏడవలేదు. మీ ఊళ్ళోనే అయిపోయింది.

ముఖం చూస్తానంటే నువ్వు అడ్డం నిలబడ్డావు. అప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు రావడం లేదు. గండి దగ్గర నా చెయ్యి నువ్వు పట్టుకోలేదు. పట్టుకుంటావని నేను అనుకోలేదు కూడా. ఇద్దరం ఆ నల్లటి మంచు గుట్టను చూస్తూ నిలబడ్డాం. నా మనిషిని ఇచ్చేసి నీ మనిషిని దాచుకుంది. నాకు సిగ్గేసింది బుర్గీ. శవం దొరికినందుకు సిగ్గుపడతారని నాకు అంతవరకూ తెలియదు.

వెనక్కి వచ్చేటప్పుడు ఇన్స్‌బ్రుక్‌లో దిగాను. ఒట్టోకార్‌ని అక్కడికి రమ్మన్నాను. ఇద్దరం విచారణాధికారి ముందు చెప్పాం. ఆయన కలం పక్కన పెట్టి, "మీ భర్త కావాలనే వెళ్ళాడని అంటున్నారా?" అని అడిగాడు. "అది నాకు తెలీదు. గైడు వద్దన్నాడు, నా భర్త విన్లేదు. అది రాసుకోండి" అన్నాను. రాసుకున్నాడు. సంతకం పెట్టాను.

నిన్ను అడగకుండా చేశాను. అడిగితే వద్దనేదానివి. వ్రోని బడిలో తలెత్తుకు తిరగాలి, మీ మామగారు కిందికి దిగిరావాలి. ఆ రెండింటి కోసమే.

నీ డోర్టే

ఒబర్‌కార్,
అక్టోబరు 14

డోర్టే,

నువ్వు చేసింది తప్పని అనను. ముందు అది రాస్తున్నాను.

కొత్త నివేదిక వచ్చింది. గైడు వద్దని చెప్పాడనీ, ప్రమాదం తెలిసీ అతిథిని కాపాడటానికి దిగాడనీ అందులో ఉంది. గైడుల సంఘం వాళ్ళు నలుగురు పండగ బట్టలు వేసుకొని వచ్చారు. వాళ్ళలో ఇద్దరు ఫిబ్రవరి నుంచి రోడ్డు మీద నన్ను చూస్తే అటువైపు దాటి పోయేవాళ్ళు. కాఫీ పెట్టాను, రొట్టె కోశాను. "మా కాసియన్ అలాంటోడే" అన్నాడు పెద్దాయన. వాళ్ళు తెచ్చిన దండ గోడకు కట్టి వెళ్ళారు. ఆదివారం ప్రార్థన అయ్యాక పాదిరీగారు ఆ వాక్యాలు అందరి ముందూ చదివారు. ఊరంతా నా వైపు తిరిగి తల వంచారు. బురదలోంచి లేచిన పేరును చూడటానికి మామయ్య రాలేదు.

ఆవులతో పాటు మామయ్య కూడా కిందికి దిగాడు. కానీ మా ఇంటికి కాదు, పక్కింటివాళ్ళ పై గదిలో ఉంటున్నాడు. కిటికీలోంచి నాకు కనిపిస్తాడు. వ్రోనిని పిలిచి దగ్గర కూర్చోబెట్టుకుంటాడు. నాతో మాట్లాడడు. ఇక మాట్లాడతాడని నేను అనుకోవడం లేదు.

కాసియన్ దొరకలేదు. సెప్టెంబరు చివరికి గండిలో మంచు ఒక ఆవు పడుకున్నంత మేర మిగిలింది. దాన్ని కూడా పారలతో తవ్వారు. అడుగున వాగే ఉంది. ఎండాకాలం పొంగినప్పుడు ఎటో ఈడ్చుకుపోయి ఉంటుందన్నారు. అక్కడి నుంచి కింద పెద్ద నది దాకా ఎక్కడని వెతుకుతారు? పారలు భుజాన వేసుకొని దిగివచ్చారు. నేను వాళ్ళ వెనకాల నడిచాను.

చలికాలానికి గదులు అడుగుతూ ఉత్తరాలు వస్తున్నాయి. ఒకాయన ఎద్దుమూపు వైపు తీసుకెళ్ళే గైడు ఉన్నాడా అని అడిగాడు. ఉన్నాడని రాశాను. కొత్తవాడు ఒకడు ఉన్నాడు. పొయ్యి పక్క గది మాత్రం ఎవరికీ ఇవ్వలేకపోయాను.

వ్రోని ఇప్పుడు బడిలో గొప్ప మనిషి కూతురు. పిల్లలు బొమ్మలు గీసి ఇస్తున్నారు. అన్నం తింటుందేమో అనుకున్నాను. నిన్న సాయంత్రం పుస్తకాలు ముందేసుకొని కూర్చుంది. నేను బంగాళాదుంపలు తొక్క తీస్తున్నాను. తలెత్తకుండా అడిగింది.

"అమ్మా, అయితే నాన్న తెలిసే వెళ్ళాడా?"

తెలిసే వెళ్ళాడన్నాను.

"మనం ఇంట్లో ఉన్నామని తెలిసే?"

బయట ఆరేసిన బట్టలు తీసుకొస్తానని లేచి వచ్చేశాను. ఆరేసిన బట్టలేవీ లేవు. మంచు మొదలైంది, ఈ ఏటి మొదటి మంచు. తీగ పట్టుకొని నిలబడ్డాను. లోపల దీపం కింద వ్రోని ఇంకా తలుపు వైపే చూస్తోంది. దానికి ఏం చెప్పాలో ఇవాళ కూడా తెలియడం లేదు డోర్టే.

బుర్గీ